గోడపత్రికల శీర్షికాక్షరములు



అక్షరమును గూర్చి మీవంటి పెద్దలకు చెప్పవలసినదేమున్నదని తోచవచ్చును. ఓనమాలు దిద్దిననాటినుండియు అక్షరము మనకు చుట్టమే. అయినను నిత్యము కంటబడు వస్తువునే మనము చూడకుండుట లోకస్వభావము. రచ్చబండ కెదుటి గోడపై అంటించిన ప్రకటనను చదువుదుము, అందలి సంగతిని తెలిసికొందుము. కాని ఆ సంగతిని పది బారల దూరమునుండి మన కంటికి మోసికొనివచ్చిన అక్షరము ఎట్టిదో తలపము. నేడు ఆ మోతగానిని గూర్చియే నాలుగు మాటలు మనవి చేసెదను. రేడియోలో అక్షరమును చూపుటకు వీలులేదు. కావున నేను చెప్పు అక్షరమును మీరు అరచేతిలో వ్రేలితో వ్రాసికొని చూడుడు. అంతకంటె మంచి పలక వేరొకటి యక్కరలేదు.

ఇంగ్లీషు ముద్రణమున శీర్షికలకై పుట్టిన అక్షరజాతి యొకటి కలదు. దానికి నాలుగు లక్షణములు. మొదటిది లావు: నిలువు గీతలు తూములవలె బలిసియుండును. రెండవది ఇరుకు: అక్షరమునకు అడ్డము తక్కువ, ఎత్తు ఎక్కువ. మూడవది పాదము: ప్రతి గీతయు చివర చిన్న అడ్డుగీతపై నిలిచియుండును, ఆ అడ్డుగీతకు సెరిఫ్ అని పేరు. నాలుగవది పాతకాలపు పోకడ: చూచిన తోడనే నూరేండ్లనాటి నాటకపు కరపత్రమో, సర్కసు ప్రకటనయో జ్ఞప్తికి వచ్చును. నేటి ముద్రాపకులును చిత్రకారులును ఈ జాతిని మరల ముచ్చటపడి వాడుచున్నారు. మనవైపున పెండ్లిపత్రికలలోను, జాతర ప్రకటనలలోను, అంగళ్ల పేరుబల్లలపైనను దీని ఛాయ కనబడుచున్నది.

ఇది ఎట్లు పుట్టినది? 18వ శతాబ్ది ముగియువరకును ఐరోపా ముద్రణశాలలకు పుస్తకములే ముఖ్యమగు పని. పుస్తకపుటక్షరము జానెడు దూరమునుండి చదువబడునది. అది మెల్లగా మాటలాడిన చాలును. పిమ్మట ఇంగ్లాండున యంత్రశాలలు పెరిగెను, వర్తకము పెరిగెను, లాటరీ చీట్లు, నాటకములు, సరకుల అమ్మకములు పెరిగెను. గోడలనిండ ప్రకటనలు వెలసెను. ఒకదాని ప్రక్కన నొకటి అంటించినప్పుడు ఎవరి మాట వినబడవలయును? గట్టిగా అరచినవాని మాటయే కదా! ముద్రణమున అరపు అనగా లావు. 1803 ప్రాంతమున లండను నగరమున రాబర్ట్ థోర్న్ అను అక్షరపుపోతగాడు మునుపెన్నడును లేనంత లావైన అక్షరములను పోసెనని చెప్పుదురు. అనతికాలముననే పాదములు కూడ గీతలంత లావుగా నుండు జాతిని విన్సెంట్ ఫిగ్గిన్స్ పోతశాల వెలువరించెను. 1845లో రాబర్ట్ బెస్లీ పోతశాలనుండి క్లారెండన్ అను అక్షరము వచ్చెను. అది లావైనది, కొంత ఇరుకైనది, గీతకును పాదమునకును నడుమ మెత్తని వంపు గలది. చట్టమువలన దానికి 3 సంవత్సరములు మాత్రమే హక్కు లభించినది. ఆ గడువు తీరిన వెంటనే ఇతర పోతశాలలవారు దానిని అనుకరించిరి. నేడు పాతకాలపు శీర్షికాక్షరమని చెప్పుకొనువానిలో పెక్కింటికి ఇదియే మూలపురుషుడు.

ఇక ఇరుకు ఎందులకు? కాగితపు వెడల్పు నియతము. శీర్షికలోని మాట పొడవైనదైనచో అక్షరమును చిన్నది చేయవలయును, లేదా ఇరుకు చేయవలయును. చిన్నది చేసిన దూరమునకు కనబడదు. ఇరుకు చేసి ఎత్తు పెంచినయెడల మాట వరుసలో పట్టును, గోడపై నిలిచి కనబడును. ఇంతటి పెద్ద అక్షరములను సీసముతో పోసిన బరువు మిక్కుటమగును. చల్లారునప్పుడు వంకరలును పుట్టును. కావున అమెరికాలో కొయ్య నాశ్రయించిరి. 1827లో న్యూయార్కు నగరమున డేరియస్ వెల్స్ కొయ్యను తొలిచి అక్షరములు చేయు యంత్రమును కల్పించెను. 1834లో లెవెన్‌వర్త్ అనునతడు ఒక మాతృకనుండి పెద్దవిగా, చిన్నవిగా, లావుగా, ఇరుకుగా కావలసిన రీతిని అక్షరమును దింపుకొను ఉపకరణమును దానికి జతచేసెను. ఆమీద ఇరుకక్షరములకు కొదువ లేకపోయెను.

ఇంతవరకు పరాయి లిపి కథ. మన లిపికి ఈ లావును ఈ ఇరుకును ఎంతవరకు తగును? దీనికి బదులు చెప్పుటకు మన లిపి ఏ నేలపై పెరిగినదో ముందు చూడవలయును.

మన అక్షరము తాటియాకుపై పెరిగినది. తాటియాకు పొడవు మూరెడు. వెడల్పు రెండు మూడు వ్రేళ్లు. అనగా అడ్డమునకు కొదువ లేదు, నిలువునకే కొదువ. గోడపత్రికలో ఇందుకు విపర్యయము: నిలువు సమృద్ధి, అడ్డము కరవు. మరియు గంటముతో తాటియాకుపై నిడుపుగా గీతలు లాగిన ఈనెవెంట ఆకు చీలును. కనుక మన అక్షరములు వట్రువగా తిరిగినవని పెద్దలు చెప్పుదురు. గంటము గీసిన గీత అంతటను ఒకే సన్నము. లావు సన్నముల భేదము ఐరోపావారి వెడల్పు కలము పెట్టిన భిక్ష. తిరుమలలో తాళ్లపాకవారి సంకీర్తనలను చెక్కించిన రాగిరేకులను చూచినను ఇదియే కనబడును: వట్రువ అక్షరములు, వరుస వెంట వరుస, అంతటను సమానమైన గీత. మన శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రములను చూడుడు. రామాయణ భారత కథలను గడులు గడులుగా చిత్రించి, గడుల నంటియుండు సన్నని పట్టీలలో కథాసూచనలను తెలుగున వ్రాయు ఆచారము కలదు. అక్కడను అక్షరము కురుచదై అడ్డముగా సాగును గాని, నిలువుగా పెరిగి ఇరుకు కాదు. కావున ఇరుకైన పొడవైన శీర్షికాక్షరము మన లిపికి పుట్టింటి నడక కాదు, అత్తింటి నడక. నేర్చుకొనవచ్చును, కాని నేర్పుగా నేర్చుకొనవలయును.

ఇప్పుడు అరచేతిలో ‘క’ అను అక్షరమును వ్రాయుడు. అందు నిట్టనిలువు గీత యెక్కడనైన గలదా? లేదు. ఇంగ్లీషులో ఐ, ఎల్, హెచ్, ఎన్ అను అక్షరములు చాలవరకు నిలువు స్తంభములే. స్తంభముల మంటపమున స్తంభములను దగ్గరకు జరిపి కట్టినను అది మంటపమే. కుండల వరుసను నెట్టి ఇరికించినచో కుండలు పగులును. మనవి కుండలు. ఇంతేకాదు, మన అక్షరము మూడంతస్తుల మేడ: నడుమ హల్లు, పైన గుడియో ఏత్వమో, క్రింద ఒత్తు. ‘రాష్ట్రము’ అను మాటలో ‘ష’ క్రింద ‘ట’ ఒత్తును, దానితో రకారపు ఒత్తును చేరియుండును. ‘స్త్రీ’ అను ఒక్క అక్షరముననే మూడు హల్లులును ఒక అచ్చును నివసించుచున్నవి. ఎత్తు పెంచి ఇరుకు చేసినప్పుడు పై వరుసలోని ఒత్తులు క్రింది వరుసలోని గుడులను తాకును. రెండు వరుసల శీర్షికయైనచో రెండెడ్లు ఒకే కాడిలో తల దూర్చినట్లగును.

మరియొక భేదము సూక్ష్మమైనది, ముఖ్యమైనది. ఇంగ్లీషు అక్షరపు పాదమువలె మన తలకట్టును ఒక అలంకారమని కొందరు తలంతురు. అది పొరపాటు. ఆ పాదమును తీసివేసినను ఆ అక్షరము అదియే. పాదములు లేని అక్షరజాతులు వారికి వేలకొలది కలవు. మన తలకట్టు అట్టిది కాదు. ‘క’ తలపైని తలకట్టు అకారమునకు గుర్తు. దానిని తీసి గుడి పెట్టిన ‘కి’, ఏత్వ మిచ్చిన ‘కె’, పొల్లు పెట్టిన ‘క్’. జ, ణ, బ వంటి కొన్నిటికి తలకట్టే లేదు. కావున పాదము ఆభరణము, తలకట్టు అవయవము. ఆభరణమును ఎట్లు మార్చినను మనిషి మారడు, అవయవమును నలిపిన మనిషియే మారును.

ఇక లావు తెచ్చు చిక్కును చూతము. మన లిపిలో అనేకాక్షరములకు భేదము ఒక చుక్కలోనో, ఒక గాటులోనో, ఒక సందులోనో ఉన్నది. ‘ప’లో తలకట్టునకును క్రింది యొడలికిని నడుమ సందు గలదు, ‘వ’లో ఆ రెండును కలిసియుండును. గీతను లావు చేసి ఆ సందును పూడ్చిన ‘పంటల ప్రదర్శనము’ ‘వంటల ప్రదర్శనము’ అగును. రైతు వరికంకులు పట్టుకొని రావలసిన చోటికి ఇల్లాలు గరిటె పట్టుకొని వచ్చును! ‘ర’ కడుపులో చుక్క యున్నచో ‘ఠ’. లావు గీతలు ఆ చుక్కను మ్రింగిన ‘పాఠము’ ‘పారము’ అగును. ‘ధార’ క్రింది చిన్నగీత మాయమైన ‘దార’ అగును. నీటి ధార కాస్త ఇల్లాలు అగును. ‘ఫలము’ ‘పలము’ అగును. పండు పోయి తూనికరాయి వచ్చును. బ, భలకును, డ, ఢలకును, ద, ధ, థలకును ఇదే గతి. దగ్గరనుండి చూచిన భేదము తెలియవచ్చును. కాని శీర్షిక దగ్గరనుండి చూచుటకు పుట్టినది కాదు కదా. దూరమునుండి చదువుటకు పుట్టిన అక్షరము దూరమునుండియే చదువరాకపోయిన, అది వైరి యింటికి తాళము వేసి మన యింటి తాళపుచెవి పారవేసినట్లు.

ఈ కారణములచేతనే తెలుగు అచ్చుశాలలలో చిరకాలము శీర్షికాక్షరములకు లోటుగానుండెను. తెలుగు అచ్చు మొదట పరదేశముననే పుట్టినది: 1746 ప్రాంతమున జర్మనీ దేశపు హాలే నగరమున బెంజమిన్ షుల్జ్ అను క్రైస్తవ బోధకుడు తెలుగు పుస్తకములు అచ్చొత్తించెను. 1816లో మద్రాసున క్యాంబెల్ దొర తెలుగు వ్యాకరణము వెలువడెను. మన కడపలో ఉద్యోగము చేసి తెలుగునకు పరిచర్య చేసిన బ్రౌను దొర నిఘంటువు 1852లో అచ్చయ్యెను. 1854లో వావిళ్లవారి ముద్రాక్షరశాల వెలసెను. వీరందరి శ్రమయు పుస్తకపుటక్షరముమీదనే. ఏలయన ఇంగ్లీషునకు ఒక పరిమాణమున నూరు పైచిలుకు పోతలున్న చాలును. తెలుగునకు హల్లులు, గుణింతపు రూపములు, ఒత్తులు అన్నియు కలిసి కొన్ని వందలు కావలయును. సీసము, తగరము, అంటిమొనీ కలిపిన ఆ లోహము ఖరీదైనది. అంత సామగ్రిని మరల లావుగా నొకమారు, ఇరుకుగా నొకమారు, పెద్దవిగా నొకమారు పోయించుట చిన్న అచ్చుశాలలకు తలకు మించిన పని.

అందుచేత పత్రికలవారు వేరుత్రోవ త్రొక్కిరి. శీర్షికను చిత్రకారుడు కుంచెతోనో కలముతోనో కాగితముపై వ్రాయును. దానినుండి జింకురేకుపై దిమ్మ చేయించి అచ్చులో నమర్చుదురు. ఈ లోటువలన ఒక లాభము కలిగినది. చిత్రకారుని చేయి మాటకు తగినట్లు అక్షరమును మలచినది. ‘రాష్ట్రము’ వచ్చిన ఒత్తునకు చోటిచ్చినది, ‘పంట’ వచ్చిన సందు నిలిపినది. 1933లో జన్మించి 2014లో కీర్తిశేషులైన బాపుగారి చేవ్రాత ఇట్టి శీర్షికలచేతనే తెలుగువారి యింటింటికి పరిచితమైనది. పిమ్మట కంప్యూటరులో అక్షరరూపము దాల్చి పెండ్లిపత్రికల కెక్కినది. అది ఇరుకు జాతి కాదు, లావు జాతియు కాదు. కాని శీర్షికాక్షరము తెలుగు చేతినుండియే పుట్టగలదని నిరూపించినది.

ఇప్పుడు సీసపు కాలము గడచినది. కంప్యూటరులో అక్షరములకు లోకమంతటికి నొక్కటే సంఖ్యాక్రమము ఏర్పడినది. దానికి యూనికోడ్ అని పేరు. 1991లో వెలువడిన దాని తొలి కూర్పునందే తెలుగునకు 128 స్థానములు గల గది కేటాయింపబడినది. ఇందువలన మాట వేరు, దాని వేషము వేరు అయినది. ఒకమారు టైపు చేసిన మాటకు వస్త్రము మార్చినట్లు అక్షరరూపమును మార్చవచ్చును. ఆ రూపసముదాయమునే ఫాంటు అనియు, తెలుగున ఖతి అనియు అనుచున్నారు. మన తిరుపతిలో 2012 డిసెంబరు 27 మొదలు 29 వరకు నాలుగవ ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినవి. ఆ యేండ్లలోనే అమెరికాలోని సిలికానాంధ్ర సంస్థవారు అనేక తెలుగు ఖతులను సిద్ధపరచి, రుసుము లేక ఎల్లరకు అందునట్లు చేసిరి. వానికి పెద్దన, తిమ్మన, సూరన్న, రామభద్ర అని కవుల పేర్లు పెట్టిరి. అందు ‘రామభద్ర’ లావు గీతలతో, గుండ్రని కొసలతో శీర్షికలకు పనికివచ్చునది. మన శ్రీకాళహస్తీశ్వరుని కొలిచిన ధూర్జటి పేరను నొక ఖతి కలదు. తాటియాకుపై వ్రాసిన కవి పేరు నేడు ఫ్లెక్సీ బట్టపై వ్రాయు అక్షరమునకు వచ్చినది. ఇది సంతోషింపదగిన సంగతి.

కాని సాధనము సులభమైనప్పుడు దుర్వినియోగమును సులభమే. మన గ్రామములలో ఫ్లెక్సీ వేయించువారు తొందరలో చేయు పనులు రెండు. ఒకటి: మాట వరుసలో పట్టలేదని అక్షరములను ఇరుప్రక్కల పట్టి యంత్రముచే నొక్కించుట. అట్లు నొక్కినప్పుడు నిలువుగా సాగు గీతలు సన్నగిల్లును, అడ్డముగా సాగు గీతలు మునుపటి లావుననే యుండును. అక్షరపు బలము తలక్రిందగును. నడుము చిక్కి తలయు పాదములు వాచిన రోగివలె కనబడును. రెండవది: లావు ఖతి లేనిచో సామాన్యపు అక్షరమునకే యంత్రముచే చుట్టు మసి పూయించి లావు చేయించుట. అప్పుడు లోపలి చుక్కలు, సందులు, గాట్లు పూడిపోవును. నిజమైన ఇరుకక్షరము నొక్కిన అక్షరము కాదు, ఇరుకుగా గీయబడిన అక్షరము. నిజమైన లావు పూసిన లావు కాదు, పోషించిన లావు.

నేర్పరియగు అక్షరశిల్పి ఏమి చేయును? గీతలు కలియు చోటులందు లావును తగ్గించును. చుక్క నిలుచుటకై కడుపు విశాలము చేయును. ‘ప’ సందును కనురెప్పవలె కాపాడును. ఒత్తును అక్షరమంత లావు చేయక, దానికంటె కొంచెము సన్నముగా, కాని తెగిపోకుండ గీయును. గుండ్రని కుండను కోడిగ్రుడ్డు ఆకారమునకు తెచ్చును గాని, అంతకు మించి నులుమడు. ‘ఘ’, ‘ఝ’ వంటి వెడల్పు అక్షరములకు మిగిలినవానికంటె ఎక్కువ చోటిచ్చును; అన్నదమ్ములకు సమానభాగ మీయుట న్యాయమేగాని, అక్షరములకు అవసరమును బట్టి ఇచ్చుటయే న్యాయము. లావు చేయవచ్చును, ఇరుకు చేయవచ్చును; అక్షరమును అక్షరమునుండి వేరుచేయు గుర్తు మాత్రము చావరాదు. నేటి ప్రసంగమునకు సారమిదియే.

ఇది చిత్రకారుల గొడవ, మాకేల యనకుడు. ముప్పదియేండ్లకు పైగా పిల్లలచే అక్షరములు దిద్దించినవాడను గనుక ఒక సంగతి ఎరుగుదును: చదువరాని అక్షరమును చూచినప్పుడు పిల్లవాడు అక్షరమును నిందింపడు, తన తెలివినే నిందించుకొనును. పెద్దవయసువారును అంతే. చూపు మందగించిన వృద్ధుడు పంచాయతీ గోడపై ప్రకటనను చదువలేక, ‘నా కండ్లు పోయినవి’ అని వెనుకకు మరలును. ఆ ప్రకటనలో పింఛనునకు గడువుతేదీ యుండవచ్చును, పశువులకు టీకాలు వేయు దినము ఉండవచ్చును. తప్పు అతని కండ్లది కాదు, అక్షరముది. ప్రకటన ఎవరికొరకు వ్రేలాడుచున్నదో వారికే అది మూగదైనచో ఖర్చును వృథా, కార్యమును వృథా.

ఊరిలో జాతరకుగాని, నాటకమునకుగాని, సభకుగాని ప్రకటన వేయించునప్పుడు యువకులు పెద్దల మాట వినక మానరు. అప్పుడు మీరు నాలుగు పరీక్షలు చేయింపుడు. మొదటిది: అచ్చునకు ముందు నమూనాను గోడపై నుంచి ఏడు బారల దూరమునుండి ఊరిలో పెద్దవయసువారొకరిచే చదివింపుడు. రెండవది: ప, వ; ర, ఠ; ద, ధ, థ; బ, భ అను జంటలు వేరువేరుగా తెలియుచున్నవా యని వెదకుడు. మూడవది: పై వరుస ఒత్తు క్రింది వరుస గుడిని తాకుచున్నదేమో చూడుడు, తాకిన వరుసల నడుమ ఎడము పెంచుమనుడు. నాలుగవది: లావైన ఇరుకక్షరమును శీర్షికకే పరిమితము చేయించి, తేదీ, కాలము, స్థలము, వివరములను పుస్తకపుటక్షరములలో వేయింపుడు. పెండ్లిలో మేళగాడు ముహూర్తమునకు గట్టిమేళము వాయించునుగాని, భోజనములు ముగియువరకు వాయించునా?

పాతకాలపు పోకడ చూడముచ్చటయైనదే. అది మన గోడలపైకి వచ్చుటయు మంచిదే. అయితే వేషము పాతది కానిండు, ఊరు ఏదైన కానిండు. తెలుగు మాట తెలుగు మాటగానే చదువబడవలయును. ఈ తడవ రచ్చబండ గోడపై కొత్త ప్రకటన వెలసినప్పుడు, సంగతిని చదివిన పిమ్మట ఒక్క నిమిషము నిలిచి, దానిని మోసిన అక్షరమును గూడ చూడుడు. బాగున్నచో వేసినవానిని మెచ్చుకొనుడు. బాగులేనిచో మెల్లగా చెప్పుడు.